అసిడియన్ పిండాలలో జన్యు నియంత్రణ

అసిడియన్లు సముద్రంలో రాళ్ళకు, ఓడల అడుగుభాగాలకు, రేవులలోని స్తంభాలకు అంటుకొని జీవించే సంచి వంటి జంతువులు. ముట్టుకుంటే ఒంటిలోని నీటిని పిచికారీలాగా చిమ్ముతాయి గనుక ఆంగ్లంలో వీటికి సీ స్క్విర్ట్ అనే వాడుక పేరు వచ్చింది. జంతుశాస్త్రంలో ఇవి కార్డేటా వర్గంలోని ట్యూనికేటా ఉపవర్గానికి చెందుతాయి. యూరోకార్డేటా అనేది దీని మరొక పేరు. ఏ జంతువులోనైనా ఫలదీకరణ చెందిన అండం ఒకే ఒక కణం. దాని నుండి పుట్టిన కణాలన్నిటిలోనూ ఒకే జన్యు సమాచారం ఉంటుంది. అయినా కొన్ని కండరాలవుతాయి, కొన్ని నాడీకణాలవుతాయి, కొన్ని చర్మమవుతాయి. ఏ కణంలో ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో, ఏది ఊరకుండాలో నిర్ణయించే ఏర్పాటును జన్యు నియంత్రణ అంటారు. ఈ ఏర్పాటును ఒక్కొక్క కణాన్నీ పేరు పెట్టి పిలుస్తూ వివరించగలిగిన కొద్ది జంతువులలో అసిడియన్ ఒకటి.

జంతువు, దాని డింభకం

ప్రౌఢ అసిడియన్‌ను చూసినవారెవరూ దానిని వెన్నెముక గల జంతువులకు బంధువుగా అనుకోరు. తల లేదు, తోక లేదు, కదలిక లేదు. నీటిని ఒక రంధ్రం గుండా లోనికి తీసుకొని, ఆహారాన్ని వడగట్టుకొని, మరొక రంధ్రం గుండా బయటికి పంపుతుంది. శరీరాన్ని కప్పి ఉండే కంచుకంలో సెల్యులోజ్ ఉంటుంది. జంతువులలో సెల్యులోజ్‌ను స్వయంగా తయారుచేసుకొనేవి ట్యూనికేట్లు మాత్రమే. చాలాకాలం పాటు వీటిని నత్తలతో, ఆల్చిప్పలతో కలిపి మొలస్కాలలో చేర్చారు.

1866లో రష్యా శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ వీటి డింభకాలను పరిశీలించి ఈ పొరపాటును సరిదిద్దాడు. డింభకం చిన్న తోకకప్పలాగా ఉంటుంది. దాని తోకలో పృష్ఠవంశం ఉంది, దానిపైన బోలుగా ఉన్న నాడీదండం ఉంది, ఇరువైపులా కండరాలున్నాయి. ఇవి సకశేరుకాల పిండాలలో కనిపించే లక్షణాలే. ఛార్లెస్ డార్విన్ 1871లో మానవుని పుట్టుకను గురించి వ్రాసిన గ్రంథంలో ఈ పరిశోధనను ప్రస్తావించాడు. 2006లో ఫ్రెడెరిక్ డెల్సూక్, అతని సహచరులు అనేక జన్యువులను పోల్చి చూసి, సకశేరుకాలకు అత్యంత సన్నిహిత బంధువులు ఆంఫియాక్సస్ వంటివి కావని, ట్యూనికేట్లేనని తేల్చారు. చూపులకు చేపలాగా ఉండే ఆంఫియాక్సస్ కంటే కదలని ఈ సంచి మనకు దగ్గరి చుట్టమన్నమాట.

మన దేశంలో డిగ్రీ తరగతులలో జంతుశాస్త్రం చదివినవారికి అసిడియన్ అనగానే హెర్డ్‌మానియా గుర్తుకు వస్తుంది. పిండాభివృద్ధి పరిశోధనలు మాత్రం ఎక్కువగా సియోనా, జపాన్‌లో ఆహారంగా కూడా పెంచే హాలోసింథియా, మధ్యధరా సముద్రపు ఫాలూసియా అనే ప్రజాతులపై జరిగాయి. పాత వ్యాసాలలో సియోనా ఇంటెస్టినాలిస్ అని వ్రాసిన జంతువులలో చాలా భాగాన్ని ఇప్పుడు సియోనా రోబస్టా అనే వేరే జాతిగా గుర్తిస్తున్నారు. పాత, కొత్త వ్యాసాలను కలిపి చదివే విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పరిశోధనకు ఈ పిండం ఎందుకు అనుకూలం

అసిడియన్ పిండంలో కణాలు తక్కువ, విభజన వేగం ఎక్కువ. సియోనా పిండం 18 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 18 గంటలలో డింభకమై పొర నుండి బయటికి వస్తుంది. అప్పటికి దానిలో ఉండే కణాలు సుమారు 2,600 మాత్రమే. కప్ప పిండంలో గాస్ట్రులా ఏర్పడడం మొదలయ్యేసరికే వేల కణాలుంటాయి. సియోనాలో 110 కణాల దశ దాటగానే అది మొదలవుతుంది.

అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఈ జంతువుల పిండాలలో విదళనం ప్రతి సారీ ఒకే విధంగా జరుగుతుంది. ఒక పిండంలో ఫలానా చోట ఉన్న కణం కండరంగా మారితే, మరొక పిండంలో అదే చోట ఉన్న కణం కూడా కండరంగానే మారుతుంది. అందువలన ప్రతి కణానికీ ఒక పేరు పెట్టడం సాధ్యమైంది. 8 కణాల దశలో కుడి ఎడమలుగా నాలుగు జతలుంటాయి. జంతు ధ్రువం వైపు ముందున్న జతను ఏ4.2 అని, వెనుకనున్న జతను బి4.2 అని, శాకీయ ధ్రువం వైపు ముందున్న జతను ఏ4.1 అని, వెనుకనున్న జతను బి4.1 అని అంటారు. ఇందులో 4 అనేది కణం ఎన్నవ తరానికి చెందినదో తెలుపుతుంది. ఈ పేర్లలో బి4.1 ఈ వ్యాసంలో పలుమార్లు కనిపిస్తుంది.

తొలి ప్రయోగాలు

1887లో ఫ్రాన్సు దేశస్థుడు లోరాన్ షాబ్రీ స్వయంగా తయారుచేసుకొన్న సన్నని గాజు సూదితో అసిడియన్ పిండంలోని ఒక కణాన్ని పొడిచి చంపి, మిగిలినవి ఏమవుతాయో చూశాడు. రెండు కణాల దశలో ఒక దానిని చంపితే మిగిలిన కణం పూర్తి డింభకాన్ని కాక, దాదాపు సగం డింభకాన్ని మాత్రమే ఇచ్చింది. పోయిన భాగాన్ని మిగిలిన కణం భర్తీ చేయలేకపోయింది. అనంతర కాలంలో ఇటువంటి అభివృద్ధికి మొజాయిక్ అభివృద్ధి అనే పేరు స్థిరపడింది. రంగు రాళ్ళను పక్కపక్కన పేర్చినట్లుగా ప్రతి కణమూ తన పని తాను చేసుకుపోతుందని దాని భావం.

1905లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ కాంక్లిన్ దీనికి ఒక కారణాన్ని కళ్ళకు కట్టించాడు. అతడు పరిశీలించిన స్టయెలా అండంలో సహజంగానే రంగురంగుల కణద్రవ్యం ఉంటుంది. ఫలదీకరణ జరగగానే ఆ ద్రవ్యం కదిలి వేర్వేరు ప్రాంతాలుగా సర్దుకొంటుంది. పిండం వెనుక వైపున నెలవంక ఆకారంలో ఒక పసుపు పచ్చని ప్రాంతం ఏర్పడుతుంది. విదళనం సాగుతున్న కొద్దీ ఆ పసుపు ద్రవ్యం ఏయే కణాలకు చేరుతుందో కాంక్లిన్ ఓపికగా గుర్తించాడు. చివరికి అది తోక కండరాలలోకి చేరింది. రంగు వేయకుండా, అండమే తన రంగులతో చూపించిన వంశవృక్షమిది. దీనిలోని కొన్ని లోపాలను 1987లో జపాన్ శాస్త్రజ్ఞుడు హిరోకి నిషిడా, కణాలలోకి ఒక ఎంజైమును గుర్తుగా ఎక్కించి, సవరించాడు. తోక కండరాలన్నీ బి4.1 నుండే రావడం లేదని, కొన్ని పక్క కణాల నుండి కూడా వస్తున్నాయని అప్పుడు తెలిసింది. ఈ చిన్న సవరణ ఎంత విలువైనదో తరువాత బయటపడింది.

అండంలో ఉన్నది కండరమా, ఆజ్ఞా?

పసుపు నెలవంకలో ఏదో ఉన్నదని కాంక్లిన్ చూపాడు. కానీ ఆ ఉన్నది ఏమిటి? కండరానికి కావలసిన సరుకు అక్కడ ముందే సిద్ధంగా ఉండి కేవలం పంపకం జరుగుతున్నదా? లేక కండరంగా మారమనే ఆజ్ఞ మాత్రమే ఉన్నదా? రెండూ ఒకటి కావు. మొదటిదే నిజమైతే పిండం సొంత జన్యువులకు ఇందులో పని లేదు.

జె. రిచర్డ్ విటేకర్ 1973లో ప్రచురించిన ప్రయోగాలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాయి. కణ విభజనను ఆపే సైటోకలాసిన్ అనే మందును అతడు వేర్వేరు దశలలో పిండానికి ఇచ్చాడు. విభజన ఆగిపోయింది గాని, కణాల లోపలి గడియారం ఆగలేదు. కండరాలలో ఉండే ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైము మామూలుగా కనిపించవలసిన వేళకే కనిపించింది. 8 కణాల దశలో ఆపిన పిండంలో అది రెండు కణాలలో మాత్రమే వచ్చింది. ఆ రెండూ బి4.1 జతే. ఆజ్ఞ ఆ కణాలకు అప్పటికే అందిందన్నమాట. ఆ పైన, ఆర్‌ఎన్‌ఏ తయారీని అడ్డుకొనే ఆక్టినోమైసిన్ అనే మందును తగిన సమయంలో ఇస్తే ఆ ఎంజైము రాలేదు. అంటే తల్లి అండంలో దాచి ఉంచినది ఎంజైమూ కాదు, ఎంజైముకు కావలసిన ఆర్‌ఎన్‌ఏ కూడా కాదు. పిండంలోని సొంత జన్యువులను మేల్కొలిపే మరొక పదార్థమేదో అక్కడ ఉన్నది.

ఆ పదార్థం పేరు తెలియడానికి మరి 28 సంవత్సరాలు పట్టింది. 2001లో నిషిడా, సవాడా హాలోసింథియా అండాలలో మాచో-1 అనే జన్యువును కనుగొన్నారు. ఇప్పటి నామకరణ పద్ధతిలో దీనిని జిక్-ఆర్.ఏ అంటారు. దీని ఆర్‌ఎన్‌ఏ తల్లి నుండి వచ్చి అండంలో నిలువ ఉంటుంది. ఫలదీకరణ తరువాత వెనుక భాగానికి చేరుతుంది. దాని నుండి తయారయ్యే ప్రోటీను ఒక అనులేఖన కారకం, అనగా డీఎన్‌ఏ పైన నిర్ణీత స్థలాలకు అతుక్కొని పక్కనున్న జన్యువులను పనిచేయించే ప్రోటీను. ఈ ఆర్‌ఎన్‌ఏను అండంలో నాశనం చేస్తే బి4.1 నుండి రావలసిన కండరాలు రాలేదు. కండరం కావలసిన అవసరం లేని కణాలకు దానిని ఎక్కిస్తే అక్కడ కూడా కండర లక్షణాలు కనిపించాయి. లేకపోతే రాకపోవడం, ఉంటే ఎక్కడైనా రావడం అనే రెండు పరీక్షలలోనూ అది నెగ్గింది. అయితే పక్క కణాల నుండి వచ్చే కండరాలు మాచో-1 లేకపోయినా ఏర్పడ్డాయి. నిషిడా 1987లో చేసిన సవరణ విలువ ఇక్కడే తెలుస్తుంది. ఒకే రకపు కండరానికి దారులు రెండు: ఒకటి అండం నుండి వచ్చిన ఆజ్ఞ, రెండవది పొరుగు కణాల నుండి వచ్చే సంకేతం.

16 కణాల దశలో మూడు ప్రాంతాలు

సియోనాలో పిండం సొంత జన్యువులు 8 కణాల దశలోనే పనిచేయడం మొదలుపెడతాయి. 16 కణాల దశకు పిండం మూడు ప్రాంతాలుగా విడిపోతుంది. జంతు ధ్రువపు కణాలలో తల్లి నుండి వచ్చిన గాటా-ఏ అనే కారకం పనిచేసి ఎఫ్రిన్ అనే సంకేత ప్రోటీను జన్యువును మేల్కొలుపుతుంది. శాకీయ ధ్రువపు కణాలలో బీటా-కాటెనిన్ అనే ప్రోటీను కేంద్రకంలోకి ప్రవేశిస్తుంది. అది టీసీఎఫ్-7 అనే కారకంతో కలిసి ఫాక్స్-డీ, ఎఫ్‌జీఎఫ్ 9/16/20 అనే జన్యువులను పనిచేయిస్తుంది. అంతేకాక అక్కడ గాటా-ఏ పనిని కూడా అణచివేస్తుంది. వెనుకనున్న శాకీయ కణాలలో మాచో-1 తన పని ప్రారంభిస్తుంది. ఈ మూడు ప్రాంతాలకూ మూలం తల్లి పదార్థాలే. ఇక్కడి నుండి మాత్రం కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలవుతుంది. షాబ్రీ నాటి మొజాయిక్ భావన ఇక్కడ చాలదు.

పృష్ఠవంశం

డింభకపు పృష్ఠవంశంలో సరిగ్గా 40 కణాలుంటాయి. వాటిలో 32 కణాలు ఏ4.1 సంతతి, 8 కణాలు బి4.1 సంతతి. మొదట చిన్న పలకలాగా ఉన్న ఈ కణాలు ఒకదాని మధ్యకు ఒకటి చొరబడి, చివరికి ఒంటి వరుసలో నాణేలు పేర్చినట్లుగా నిలుస్తాయి. తోక పొడవు కావడానికి ఇది ముఖ్య కారణం.

ముందున్న 32 కణాల పూర్వీకులు ఆ స్థితికి చేరే క్రమం చూడదగినది. మూడు విభజనలలో మూడు ప్రశ్నలు వస్తాయి. 16 కణాల దశలో బీటా-కాటెనిన్ ఉన్నదా? ఉన్నది గనుక ఈ కణం చర్మం కాదు. 32 కణాల దశలో మళ్ళీ అదే ప్రశ్న. ఇప్పుడు కూడా బీటా-కాటెనిన్ ఉన్న కణం అంతస్త్వచంగా, అంటే జీర్ణనాళంగా మారుతుంది. లేని కణంలో ఫాక్స్-డీ ప్రభావంతో జిక్-ఆర్.బి అనే జన్యువు మేల్కొంటుంది. ఆ కణం పృష్ఠవంశానికీ నాడీదండానికీ ఉమ్మడి తల్లి. ఒకే ప్రోటీను మొదటిసారి ఉండడమూ, రెండవసారి లేకపోవడమూ కలిసి ఒక అర్థాన్నిస్తున్నాయి. 64 కణాల దశకు ఆ తల్లికణం రెండుగా చీలుతుంది. జంతు ధ్రువపు పొరుగు కణాల నుండి వచ్చే ఎఫ్రిన్, ఆ వైపున ఎఫ్‌జీఎఫ్ సంకేతాన్ని తగ్గిస్తుంది. అటువైపు పిల్ల కణం నాడీదండం దారి పడుతుంది. ఎఫ్‌జీఎఫ్ సంకేతం నిలిచిన రెండవ పిల్ల కణంలో బ్రాక్యురీ అనే జన్యువు మేల్కొని, అది పృష్ఠవంశమవుతుంది.

బ్రాక్యురీ అంటే గ్రీకు భాషలో పొట్టి తోక. ఈ జన్యువును గురించి మొదట తెలిసింది ఎలుకల వలన. తోక పొట్టిగా ఉన్న ఎలుకలను 1927లో నడేజ్డా డోబ్రోవోల్‌స్కాయా-జావడ్‌స్కాయా వర్ణించింది. ఎలుక పిండంలో ఇది పృష్ఠవంశంలోనే కాక ఇతర చోట్ల కూడా వ్యక్తమవుతుంది. అసిడియన్‌లో పృష్ఠవంశానికే పరిమితమని 1993లో హితోయోషి యాసువో, నోరియుకి సాతో చూపారు. 1997లో జోసెఫ్ కోర్బో, మైఖేల్ లెవీన్, రాబర్ట్ జెల్లర్ సియోనాలో ఈ జన్యువుకు ముందున్న 434 అక్షరాల డీఎన్‌ఏ భాగాన్ని వేరుచేశారు. దానికి ఒక రంగునిచ్చే జన్యువును జతచేసి, విద్యుత్ ఘాతంతో ఒకేసారి వందలాది అండాలలోకి పంపగా, రంగు పృష్ఠవంశంలో కనిపించింది. ఇటువంటి డీఎన్‌ఏ భాగాలను ఎన్‌హాన్సర్లు అంటారు. ఇవి ప్రోటీనుకు సమాచారమివ్వవు. ఏ ప్రోటీను ఎక్కడ, ఎప్పుడు రావాలో చెబుతాయి. బ్రాక్యురీ తన వంతుగా పదుల సంఖ్యలో ఇతర జన్యువులను పనిచేయిస్తుంది. కణాల కదలికకు, పృష్ఠవంశపు తొడుగుకు కావలసిన ప్రోటీన్లు వాటి నుండి వస్తాయి.

ఒకే సంకేతం, రెండు అర్థాలు

ఎఫ్‌జీఎఫ్ అందిన ముందు కణాలు పృష్ఠవంశమైతే, అదే ఎఫ్‌జీఎఫ్ అందిన వెనుక కణాలు మీసెంకైమ్ అనే వేరే కణజాలమవుతాయి. తేడా ఎక్కడ నుండి వచ్చింది? వెనుక కణాలలో మాచో-1 ఉన్నది. 2003లో నిషిడా బృందం మాచో-1ను తీసివేసినప్పుడు, మీసెంకైమ్ కావలసిన కణాలు పృష్ఠవంశపు దారి పట్టాయి. వినేవారు ఎవరన్నదాన్ని బట్టి ఒకే మాటకు అర్థం మారినట్లుగా, కణం లోపల అప్పటికే ఉన్న కారకాలను బట్టి సంకేతానికి ఫలితం మారుతుంది. ఈ సూత్రం సకశేరుకాలలోనూ పనిచేస్తుంది. అయితే ఇంత తక్కువ కణాలలో, ఇంత స్పష్టంగా చూడడం అరుదు.

నాడీ కణాలు, బలహీనమైన ఎన్‌హాన్సర్

32 కణాల దశలో జంతు ధ్రువపు 16 కణాలలో నాలుగు మాత్రమే నాడీమండలపు దారి పడతాయి. వీటిలో ఓటీఎక్స్ అనే జన్యువు మేల్కొంటుంది. 2003లో విన్సెంట్ బెర్ట్రాండ్, పాట్రిక్ లెమేర్, వారి సహచరులు దీని ఎన్‌హాన్సర్‌ను విశ్లేషించారు. దానిలో ఈటీఎస్, గాటా అనే రెండు రకాల కారకాలకు స్థలాలున్నాయి. ఈటీఎస్ అంటే ఎఫ్‌జీఎఫ్ సంకేతం అందిందని గుర్తు. గాటా అంటే ఈ కణం జంతు ధ్రువానికి చెందినదని గుర్తు. రెండూ కలిసినప్పుడే ఓటీఎక్స్ పనిచేస్తుంది.

మరి జంతు ధ్రువపు కణాలన్నీ శాకీయ కణాలను ఎంతో కొంత తాకుతూనే ఉండగా, నాలుగే ఎందుకు స్పందిస్తాయి? ఎఫ్‌జీఎఫ్‌ను స్రవించే కణాలతో ఎక్కువ వైశాల్యంలో ఆనుకొని ఉన్న కణాలకే చాలినంత సంకేతం అందుతుంది. 2020లో ఫాలూసియా పిండంలోని ప్రతి కణం ఆకారాన్నీ, హద్దునూ కంప్యూటరు సహాయంతో కొలిచినవారు, తాకిడి వైశాల్యమే అనేక ఇతర నిర్ణయాలను కూడా వివరిస్తుందని చూపారు. పిండం ప్రతి సారీ ఒకే ఆకారంలో విభజన చెందడం కేవలం అలవాటు కాదు. ఆకారం మారితే సంకేతాలు కూడా మారిపోతాయి.

ఓటీఎక్స్ ఎన్‌హాన్సర్ పొడవు 69 అక్షరాలే. 2015లో ఎమ్మా ఫార్లే, మైఖేల్ లెవీన్, వారి సహచరులు దీనిలో లక్షల కొద్దీ మార్పులు చేసి ఫలితాలను పోల్చారు. సహజమైన ఎన్‌హాన్సర్‌లో కారకాలు అతుక్కొనే స్థలాలు బలహీనంగా ఉన్నాయి, వాటి మధ్య దూరాలు కూడా అత్యుత్తమంగా లేవు. వాటిని బాగుచేస్తే పని పెరిగింది గాని, రాకూడని కణజాలాలలో కూడా జన్యువు మేల్కొంది. సామాన్యంగా ప్రకృతి ప్రతి భాగాన్నీ మెరుగుపరుస్తుందని అనుకొంటారు. ఇక్కడ బలహీనతే ఉపయోగకరం: ఒక్కొక్క కారకానికి ఒంటరిగా లొంగకపోవడం వలననే ఎన్‌హాన్సర్ సరైన కణాన్ని గుర్తించగలుగుతున్నది. సకశేరుకాల ఎన్‌హాన్సర్లను చదివేటప్పుడు బలమైన స్థలాలను మాత్రమే లెక్కించే పద్ధతి చాలదని దీనివలన తేలింది.

బీజకణాల మౌనం

పిండం చిట్టచివర ఉండే ఒక జత కణాలు మాత్రం ఈ సందడిలో పాల్గొనవు. ఇవి భావి బీజకణాల పూర్వీకులు. పెమ్ అనే జన్యువు ఆర్‌ఎన్‌ఏ తల్లి నుండి వచ్చి ఈ కణాలలో పోగవుతుంది. దాని ప్రోటీను కేంద్రకంలో అనులేఖనాన్ని నిలిపివేస్తుందని 2011లో వెలువడిన రెండు పరిశోధనలు తెలిపాయి. విశేషమేమంటే మాచో-1 ఆర్‌ఎన్‌ఏ కూడా ఈ కణాలలోనే ఎక్కువగా ఉంటుంది. కండరంగా మారమనే ఆజ్ఞ చేతిలో ఉన్నా, దానిని చదవకుండా పెమ్ అడ్డుపడుతుంది.

జన్యు పటం

2002లో సియోనా జన్యురాశిని ప్రకటించారు. మానవుని జన్యురాశిలో ఇది సుమారు ఇరవయ్యో వంతు. జన్యువులు దాదాపు 16,000. సకశేరుకాలలో ఒకే కుటుంబానికి చెందిన జన్యువులు రెండు మూడు ఉన్న చోట ఇక్కడ సాధారణంగా ఒకటే ఉంటుంది. అందుచేత ఒక దానిని తీసివేస్తే మరొకటి ఆ లోటును కప్పిపుచ్చదు. 2006లో కవోరు ఇమాయి, లెవీన్, సాతో, యుటాకా సాటో 76 నియంత్రక జన్యువుల పరస్పర సంబంధాలను కణం వారీగా పటంగా గీశారు. 2019లో వేరొక బృందం పది దశల నుండి 90,000కు పైగా కణాలను ఒక్కొక్కటిగా తీసుకొని వాటిలోని ఆర్‌ఎన్‌ఏను చదివింది.

తోక లేని బంధువు

ఈ పటం అన్ని అసిడియన్లకూ ఒకటేనా? సియోనా, హాలోసింథియాల పిండాలను పక్కపక్కన ఉంచితే కణాల అమరికలో తేడా గుర్తించడం కష్టం. కానీ వాటి ఎన్‌హాన్సర్ల డీఎన్‌ఏను పక్కపక్కన వ్రాస్తే పోలిక కనిపించదు. 2014లో అల్బెర్టో స్టోల్ఫీ బృందం మోల్గులా అనే ప్రజాతి గుండె, కండర జన్యువుల ఎన్‌హాన్సర్లను సియోనాలో పెట్టి చూడగా, అవి చాలావరకు పనిచేయలేదు. పని ఒకటే, వ్రాత వేరు.

మోల్గులాలో ఇంకొక వింత ఉంది. ఫ్రాన్సులో రోస్కాఫ్ తీరాన ఒకే చోట నివసించే రెండు జాతులలో మోల్గులా ఆక్యులాటాకు తోక ఉన్న డింభకం పుడుతుంది. మోల్గులా ఆకల్టాకు తోక లేని డింభకం పుడుతుంది. రెండవ దానిలో పృష్ఠవంశపు కణాలు 20 దగ్గరే ఆగిపోయి, వరుసలో నిలవక ముద్దగా ఉండిపోతాయి. 1990లో బిల్లీ స్వాల్లా, విలియం జెఫరీ తోక లేని జాతి అండాన్ని తోక ఉన్న జాతి శుక్రకణంతో ఫలదీకరింపజేశారు. పుట్టిన సంకర డింభకాలలో కొన్నిటికి పొట్టి తోక వచ్చింది. పృష్ఠవంశపు కణాలు 20 మాత్రమే. కానీ ఈసారి అవి వరుసకట్టాయి. ఇందులో మాంక్స్ అనే జన్యువుకు పాత్ర ఉన్నదని వారే 1996లో తెలిపారు. సంకర పిండాలలో దాని పనిని అడ్డుకొన్నప్పుడు తోక మళ్ళీ రాలేదు.